కాలర్ మీద పసుపు

ఆదివారం పొద్దున కొత్త తెల్లకోటు మడత విప్పి చూసుకుంది అఖిల. కాలర్ రెక్క వెనకాల, సరిగ్గా నడుమ, అరచేతి వెడల్పున పసుపు. చుక్క కాదు, గీత కాదు. నీళ్లతో తడిపి మరీ మెత్తిన పసుపు.

"అవ్వా! గిదేందే?"

వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చున్న హన్మవ్వ తాపీగా తల తిప్పింది. మనవరాలు నర్సు ఉద్యోగంలో చేరుతోందని నిన్న సాయంత్రమే ఏర్గట్ల నుంచి బోధన్ వచ్చింది. వస్తూ వస్తూ కొత్త పంట పసుపు డబ్బా నిండా తెచ్చింది.

"కొత్త బట్ట గాదా బిడ్డా? పసుపు వెట్టకుంట ఎట్ల తొడుగుతవు?"

"మూలకు జరంత వెడితె అయిపోవు గద!"

"మూలకు వెడితె ముందటికి కనవడతది. ఎనుకకైతె ఎవ్వలు సూడరని గాడ వెట్టిన."

అవ్వ అన్నదాంట్లో తప్పేం లేదు. పసుపు తాకని కొత్త బట్ట ఆ ఇంట్లో ఎవరి ఒంటి మీదికీ ఎక్కలేదు. అఖిల బడి చొక్కాలకూ పెట్టారు, కాలేజీ ఓణీలకూ పెట్టారు. కానీ రేపు నిజామాబాద్ ఆసుపత్రిలో తొలి డ్యూటీ. ఇంటర్వ్యూ రోజు ఇన్‌చార్జి సిస్టర్ రాధాబాయి అందరి ముందూ చెప్పిన మాట చెవుల్లోనే ఉంది: "కోటు మీద మరక కనవడ్డదంటే గేటు కాడికెంచే ఇంటికి పంపుత. మొన్న ఒకామెను పంపిన. మల్ల పిలువలే." రెండో కోటు ఇంకా టైలర్ దగ్గరే ఉంది. బుధవారం ఇస్తానన్నాడు.

కాసేపు కూర్చుని ఆలోచిస్తే బాగుండేది. అఖిలకు ఆ నిలకడ లేకపోయింది. కోటు బకెట్లో ముంచి, కాలర్‌కు సబ్బు పట్టించి బరబరా రుద్దింది. పసుపు మరక చూస్తుండగానే ఎర్రబడింది. నెత్తురు అంటినట్టు, ఎవరినో పొడిచి వచ్చిన మనిషి చొక్కాలా తయారైంది.

లోపల బీడీలు చుడుతున్న తల్లి గంగమణి ఒళ్లోని చాట పక్కన పెట్టి వచ్చింది. "సబ్బెందుకు వెట్టినవే? పసుపుకు సబ్బు తాకితె ఎర్రగైతదని తెల్వదా? గన్నేండ్లు ఏం సదివినవు?"

"గది పుస్తకాలల్ల రాయలేదమ్మా. నువ్వు జర ముందుగాల చెప్తె అయిపోవు!"

నాలుగైదు సార్లు జాడిస్తే ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలింది. గంగమణి నీలిమందు సీసా తెచ్చింది. "కొంచెం ఎక్కువెయ్యి. తెల్లగ మెరుస్తది." తొందరలో మూతతో కొలవకుండా సీసానే వంపింది అఖిల. కోటు మెరిసిన మాట నిజమే. కాలర్ మాత్రం పసుపూ నీలమూ కలిసి ఆకుపచ్చగా తేలింది.

"ఓ సక్కటి తల్లీ, రామసిలుక రెక్క లెక్కైంది గదే!" అంది హన్మవ్వ.

గంగమణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అఖిలకు నవ్వు రాలేదు.

"నవ్వుతున్రా? రేపు నన్ను గేటు కాడ్నే నిలవెడ్తె అప్పుడు గూడ నవ్వుండ్రి. అవ్వా, నువ్వు రాకుంటెనే మంచిగుండు!"

మాట నోరు దాటాక గానీ దాని బరువు తెలియలేదు. హన్మవ్వ చాపుకున్న కాళ్లు ముడుచుకుంది. గంగమణి నవ్వు ఆపి లోపలికి పోయింది.

స్నానాల గదిలో బ్లీచింగ్ సీసా ఉంది. అఖిల చేయి అక్కడిదాకా పోయి ఆగింది. వాళ్ల బోరు నీళ్లలో ఇనుము ఎక్కువ. నిరుడు తెల్ల తువ్వాలలకు బ్లీచింగ్ పోస్తే తుప్పు రంగు పట్టి నేల తుడిచే గుడ్డలయ్యాయి. సీసా ఎక్కడిదక్కడ పెట్టేసి, నీలం పోయేదాకా కోటు జాడించి, కాలర్‌కు నిమ్మరసం పిండి మిద్దె ఎక్కింది. ఇక ఎండే దిక్కు. పసుపు ఎండకు వెలుస్తుంది, అది పసుపు పండే ఆ జిల్లాలో పుట్టిన ఎవరికైనా తెలుసు.

ఆ ఎండే నిలకడగా లేదు. ఒక మబ్బు తొలగితే ఇంకొకటి వచ్చి కూర్చుంటోంది. దానికి తోడు ఊరవతల బెల్లం బట్టీలో చెరుకు పిప్పి మండుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా నల్లటి నుసి తేలుకుంటూ వచ్చి తడి బట్ట మీద వాలబోతుంది. అఖిల దండెం ఈ మూల నుంచి ఆ మూలకు మార్చి కట్టింది. కాలర్ తిప్పి పెట్టింది, మళ్లీ తిప్పింది. కిందికి దిగి మంచినీళ్లు తాగబోయి, తాగకుండానే పైకి పరిగెత్తింది. అన్నం పళ్లెంలో నాలుగు మెతుకులు కెలికి లేచింది.

ఆమె తిరిగి మిద్దె ఎక్కేసరికి హన్మవ్వ అక్కడుంది. మోకాళ్ల నొప్పితో మెట్లన్నీ ఎట్లా ఎక్కిందో. కోటుకు దూరంగా నిలబడి, గాలి వచ్చే వైపు కొంగు పరదాలా పట్టుకుని ఉంది.

"నేనేం ముట్టలే బిడ్డా. మసి వడుతుందని అడ్డం వట్టిన. గంతే."

అఖిల కాలర్‌ను మరోసారి ఎండ వైపు తిప్పి పెట్టింది.

మధ్యాహ్నం దాటాక ఎండ కాస్త గట్టిపడింది. మరక కళ్ల ముందే పలచబడి, వెలిసి, పైకి పూర్తిగా తెలుపు వచ్చింది. అఖిల ఆశగా కాలర్‌ను వెలుతురుకు ఎత్తి చూసింది. రెండు పొరల నడుమ గట్టిదనం కోసం టైలర్ వేసిన గుడ్డ, పసుపంతా తాగి అట్లాగే ఉంది. ఎండ దాని దాకా పోలేదు. చెమట తగిలితే, ఇస్త్రీ ఆవిరి తగిలితే, మళ్లీ పైకి ఊరుతుంది. అప్పటికే ఎదుటి రైస్ మిల్లు నీడ మిద్దె సగానికి పాకింది.

అఖిల కోటు భుజాన వేసుకుని గబగబా దిగి తల్లి దగ్గర ఆగింది.

"అమ్మా, బీడీల ఆకు కత్తెర ఇటియ్యి."

"ఎందుకే?"

"కాలర్ తీసేస్త."

గంగమణి చేతిలో బీడీ ఆగిపోయింది. "పాగలైనవా? కొత్త కోటు!"

"సిస్టర్ మరక ఉండొద్దన్నది. కాలర్ ఉండాలె అనలే."

కింద మెడపట్టీ వేరుగా ఉంది. పైన తిరగేసిన కాలర్ రెక్క ఒక్కటే విప్పితే పట్టీ నిలబడుతుంది. అఖిల కూర్చుంది. గుడ్డ జారి కత్తెర మొన కుట్టు మీద నిలవడం లేదు. గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వచ్చిన హన్మవ్వ గడపలోనే నిలబడింది.

"అవ్వా, ఇటొచ్చి జర గట్టిగ వట్టు."

"నేను ముట్టనా మరి?"

"ముట్టవే. నువ్వు వట్టకుంటె కుట్టు తెగుతలేదు."

హన్మవ్వ రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి. అయినా మళ్లీ తుడుచుకుని, గుడ్డను రెండు వైపులా లాగి పట్టింది. కుట్లు ఒక్కొక్కటే తెగాయి. రెక్క ఊడి వచ్చింది. పట్టీ అంచు లోపలికి మడిచి సన్నని కుట్టుతో మూసేసింది అఖిల. గంగమణి ఇస్త్రీ చేసింది.

మర్నాడు తొలి బస్సులో నిజామాబాద్ పోతున్నంతసేపూ ఒకే మాట వల్లె వేసుకుంది: టైలర్ మరిచిపోయిండు మేడం, టైలర్ మరిచిపోయిండు. వార్డు ముందు రాధాబాయి కొత్తవాళ్లను వరుసగా నిలబెట్టి చూస్తూ వచ్చింది. గోళ్లు చూసింది, బూట్లు చూసింది. అఖిల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి ఎదురుగా నిలబడింది.

"కాలర్ ఏది?"

వల్లె వేసిన మాట నోటి దాకా రాలేదు. "తీసేసిన మేడం. మరకైంది."

"మరకైతే కాలర్ తీసేస్తరా? రేపు చెయ్యికైతే చెయ్యి తీస్తవా?"

పక్కనున్న పిల్ల కిసుక్కుమంది. అఖిల చూపు నేల మీదే ఉంది. గేటు దాకా వెనక్కి ఎన్ని మెట్లు దిగాలో ఆమెకు ఒక్కసారి గుర్తొచ్చింది.

రాధాబాయి పట్టీ అంచు వేలితో తడిమి కుట్టు చూసింది. "నువ్వే కుట్టినవా?"

"మా అవ్వ వట్టుకుంది మేడం. నేను కుట్టిన."

"మంచి కోటు ఎప్పుడొస్తది?"

"బుధవారం."

"గురువారం నాడు గిట్ల కనవడ్డవో, సూడు మరి." అప్పటికే ఆమె కళ్లు వార్డులోకి పోయాయి. "ఐదో మంచం కాడ సెలైన్ అయిపోవస్తుంది. ఏం నిలవడ్డవు? పో!"

నడిచిందో పరిగెత్తిందో అఖిలకే తెలియలేదు. సీసా అడుగున ఇంత నీరు మిగిలి ఉంది. మంచం మీద ముసలాయన నిద్రపోతున్నాడు. గొట్టం మీది చక్రం బిగించి, కొత్త సీసా కోసం ఆమె చుట్టూ చూసింది.