చూపు రాని పాటగాడు

ధారూర్ దాటాక ఈరయ్య భుజానికున్న సంచి సర్దుకుని, "పల్లీ... ఏంచిన పల్లీ" అంటూ రైలు పెట్టెలో ఆ చివరికి నడిచాడు. వికారాబాద్‌లో ఎక్కితే తాండూరులో దిగేదాకా ఆయనకు ఎవరి చెయ్యీ అక్కర్లేదు. నాపరాళ్ల పాలిషింగ్ మిషన్ల రొద వినపడగానే తలుపు దగ్గరికి చేరతాడు.

అరవై దాటిన మనిషి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఆరో ఏట అమ్మవారు పోసి కళ్లు పోయాయి. వాళ్లది మర్పల్లిలో గొర్రెలు కాసే ఇల్లు. ఊరికి డేరా టాకీసు వస్తే ఈరయ్య మంద వెంట పోకుండా, డేరా బయట కూర్చుని సినిమా అంతా వినేవాడు. పెళ్లయ్యాక భార్య బుగ్గమ్మతో లోపలికే వెళ్లేవాడు. తెర మీద మాటల్లేని చోట ఏం జరుగుతోందో ఆమె చెవిలో చెప్పేది. ఆమె పోయి మూడేళ్లు. ఆ తర్వాత ఆయన సినిమాకు పోలేదు. తాండూరు నాటక బృందంలో హార్మోనియం మాత్రం వాయిస్తూనే ఉన్నాడు. చలికాలం నుంచి వేళ్లు బిగుసుకుపోతున్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆరోజు మధ్యాహ్నం నాటక పోటీ. ఈరయ్య హాలుకు చేరేసరికి ఆఖరి రిహార్సల్ నడుస్తోంది. కథానాయకుడు చూపులేని పాటగాడు. ఆ వేషం వేణుది. కరణ్‌కోట ఫ్యాక్టరీలో పని, సినిమాలంటే ప్రాణం. నల్లద్దాలు పెట్టుకుని, చేతులు చాచి గాలిలో తడుముతున్నాడు. కుర్చీ పడింది. మళ్లీ పడింది.

"ఏం దేవులాడుతున్నవ్ వేణూ?" అన్నాడు ఈరయ్య, హార్మోనియం గలీబు తీసి కూర్చుంటూ.

"గుడ్డోని లెక్క చేస్తున్న తాతా. సినిమాల గట్లనే చేస్తరు గద."

"వాని ఇంట్ల వాని కుర్సీ ఏడున్నదో వానికి తెల్వదా?"

ఈరయ్య లేచి, నెలరోజులుగా తిరుగుతున్న ఆ స్టేజీ మీద అవతలి మూలకు నడిచాడు. కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగి, వచ్చి కూర్చున్నాడు. వేణు నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకోటి సారూ," ఈరయ్య నాటకం రాసిన మల్లేశ్వర్ వైపు తిరిగాడు. "ఆఖర్ల వానికి సూపెందుకొస్తది? ఎన్ని సినిమాలు ఇన్న! గుడ్డోడైతే సూపన్న రావాలె, సావన్న సావాలె. ఊకె బతికెటోడు ఒక్కడు లేడు. నీ అసుంటోడు ఎందుకు లేడని మా బుగ్గమ్మ నన్నడుగుతుండె."

"సూపొస్తేనే చప్పట్లు పడ్తయి పెద్దాయనా. ప్రైజు రావొద్దా?" మల్లేశ్వర్ నవ్వాడు.

నాటకం మొదలైంది. వేణు దేన్నీ తడమలేదు. చివరి ఘట్టంలో డాక్టరు వేషంలో ఉన్న మల్లేశ్వర్ వేణు కళ్ల కట్టు విప్పి, "ఏం కనిపిస్తోంది?" అని అడిగాడు. సంతోషపు పాటకు ఈరయ్య సిద్ధంగా ఉన్నాడు. వేణు కట్టు గుడ్డను చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం కనిపిస్తలేదు డాక్టర్ సాబ్. కచేరీకి ఆల్శమైతుంది, శ్రుతియ్యిండ్రి."

ఈరయ్య వేలు మొదట తప్పు మెట్టు మీద పడింది. సవరించుకుని శ్రుతి పట్టాడు. వేణు పాడాడు.

చప్పట్లు అంతంతే. "అయ్యో, కండ్లు రాకపాయె" అని ముందు వరుసలో ఎవరో ఆడమనిషి నిట్టూర్చింది. ప్రైజు వేరే ఊరివాళ్లకు పోయింది. మల్లేశ్వర్ వేణును నాలుగు మాటలని, మేకప్పు కూడా తుడుచుకోకుండా వెళ్లిపోయాడు.

"కట్టు ఇప్పినప్పుడు నీ మొకం ఎట్లుండె?" ఈరయ్య అడిగాడు.

వేణు వచ్చి పక్కన కూర్చున్నాడు. "నవ్వలే, ఏడ్వలే. నీ దిక్కు జూసిన తాతా."

ఈరయ్య తలూపాడు. "ఇగ నేను రాను వేణూ. వేళ్లు నా మాట ఇంటలేవు. వేరేటోన్ని సూస్కోండ్రి."

"మరి ఏం చేస్తవ్?"

"ఏం చేస్త? బండ్ల పల్లీలమ్ముత."

వేణు గుమ్మం బయటికి వచ్చి, స్టేషన్ దాకా వస్తానన్నాడు. ఈరయ్య వద్దని, సంచి భుజాన వేసుకుని, సాయంత్రం బండికి నడిచిపోయాడు.

వేణు లోపలికొచ్చి కుర్చీలు మడతపెట్టి ఒక మూలకు చేర్చాడు. హార్మోనియం మీద, బుగ్గమ్మ తన పాత చీర ముక్కలతో కుట్టిన గలీబు, నాలుగు మూలలూ సమంగా దించి కప్పి ఉంది.