రెండు పాయింట్ ఆరు గ్రాములు

పరీక్ష ల్యాబ్‌లో బల్లకు ఇద్దరం. మా బల్ల దగ్గర నేనూ, మా ఆయన చెల్లెలూ. పెళ్లయ్యాక ఆపేసిన చదువు మళ్లీ మొదలుపెడితే, నా ఖర్మకొద్దీ మరదలే క్లాస్‌మేట్ అయింది. ప్రాక్టికల్స్‌లో ఒకసారి తప్పినవాళ్లకు మళ్లీ అవకాశమిస్తారు. ఆ ఒకసారీ నాకు అయిపోయింది. ఇప్పుడూ తప్పితే ఏడాది గంగపాలే. అందుకే పొద్దుటి నుంచీ నాకు కాలు నిలవడం లేదు.

చేయాల్సింది ఆస్పిరిన్. నూట ముప్పై ఎనిమిది గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం నుంచి నూట ఎనభై గ్రాముల ఆస్పిరిన్ రావాలి. మాకిచ్చిన ఆమ్లం రెండు గ్రాములు. మరదలు లెక్క కట్టింది. ఒక్క రవ్వ కూడా పోకపోతే రెండు పాయింట్ ఆరు. అంతకు మించి రావడం అసాధ్యం. తూచితే రెండు పాయింట్ తొమ్మిది!

"అబ్బ, బోలెడొచ్చింది!" అన్నాను.

"సంబరపడకు వదినా. అది నీళ్ల బరువు. ఓవెన్‌లో పెట్టాను, ఆరాలి."

"ఆరేలోపు నా ప్రాణం పోయేట్టుందే!"

"కాస్త ఓపిక పట్టు. ఓవెన్ వేడి మాత్రం పెంచకు, కరిగిపోతుంది."

ఆమె గాజు సామాను కడగడానికి వెళ్లింది. పక్క బల్లవాళ్లు అప్పుడే ఫలితం రాసేస్తున్నారు. నా చేయి ఊరుకుంటేనా! ఓవెన్ నాబ్ చివరిదాకా తిప్పేశాను. తలుపు తీసేసరికి తెల్లటి పొడి లేదు, గాజుపళ్లేనికి కరుచుకుపోయిన జిగురుంది. ఇద్దరం ఎంత గీకినా సగమే ఊడింది. ఒకటి పాయింట్ మూడు.

మరదలు ఆ అంకెనే కాగితం మీద రాసింది. తిట్టినా బాగుండేది.

మేడమ్ వచ్చారు. "సగమే ఉంది. మిగతాది ఏమైంది?"

"నేనే మేడమ్, వేడి పెంచేశాను," అంది మరదలు టక్కున.

నోరు మూసుకుంటే గట్టెక్కేదాన్ని. కానీ ఒళ్లు మండిపోయింది, ఆమె మీదో నా మీదో తెలియదు.

"దాని మాట నమ్మకండి మేడమ్! తిప్పింది నేను. వద్దని చెప్పినా తిప్పాను."

మేడమ్ మమ్మల్ని మార్చి మార్చి చూశారు. మరదలికి పాస్ వేశారు. నన్ను వచ్చే ఏడాది రమ్మన్నారు.

మెట్ల మీద మరదలు ఏడుపు ఆపుకోలేకపోయింది. "నీకేమైనా పిచ్చా వదినా? నేనైతే మళ్లీ రాసుకునేదాన్ని కదా!"

"ఏడాది పోతే పోనీవే," అన్నాను. "పక్కన నువ్వుండవు. అదే నా బెంగ."