సున్నపు అడుగులు

వీధి చివరి ఖాళీ స్థలంలో పొద్దున్నే ఎవరో వచ్చి, ఏ గది ఎక్కడ వస్తుందో సున్నంతో గీసి వెళ్ళారు. గోడలు లేని గదులు, తలుపులు లేని గుమ్మాలు. పక్కనే ఒక బోర్డు పాతారు: ఇక్కడ వృద్ధులకు నివాసాలు కట్టదలిచారు, అభ్యంతరాలున్న ఇరుగుపొరుగు వారు శుక్రవారంలోగా తెలపవలెను.

గంట తిరక్కముందే వీధి సంఘం అధ్యక్షుడు అభ్యంతరాల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. బట్టలు కుట్టే అమ్మాయి గుమ్మంలో మాత్రం కాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు. ఆయన ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడే.

“పసిపిల్ల తల్లివి, నీకు వేరే చెప్పాలా? పొద్దున లేస్తే అంబులెన్సు, సాయంత్రమైతే ఏడుపులు. అందరూ పెట్టేశారు, నీ సంతకం ఒక్కటే మిగిలింది.”

“మా ఆయన్ని ఒక్కమాట అడిగి ఇస్తాను బాబాయిగారూ.”

“అడుగు, అడుగు. నీ మాట కాదని బతకగలడా అతను!” అని నవ్వి, కాగితం కుట్టుమిషను మీద పెట్టి వెళ్ళాడు.

నిజానికి అడిగేదేమీ లేదు, సంతకం పెట్టేదే. పాప తుమ్మితే తను మంచమెక్కే మనిషి ఆమె. దానికి తోడు ఆ గోడ ఒకటి. ఈ ఇంట్లో దిగిన నాలుగేళ్ళ నుంచీ మధ్యాహ్నం పూట మిషను ఆపితే చాలు, గోడలోంచి టక్, టక్, టక్‌మని మూడు దెబ్బలు. మళ్ళీ తొక్కితే ఆగిపోతాయి.

“నీళ్ళ గొట్టమే పిచ్చిదానా! దానికీ నీ జాకెట్టు కావాలేమో” అని భర్త ఆటపట్టిస్తాడు. గొట్టానికి లెక్కపెట్టడం ఎవరు నేర్పారా అని ఆమె అనుమానం.

ఆ మధ్యాహ్నం మిషను ఆపింది. గోడ పలకలేదు. ఎన్నడూ లేని ఆ నిశ్శబ్దానికి గోడకేసి చూసింది. వెనక్కి తిరిగితే పాప లేదు.

పెరడు చూసింది, మేడ ఎక్కి దిగింది. వీధిలోకి పరుగెత్తింది. తలుపులన్నీ మూసుకుని వీధి నిద్రపోతోంది. ఖాళీ స్థలంలో, మూలనున్న సున్నపు గడిలో, పాప ఒక్కతే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“ఇక్కడేం చేస్తున్నావే?”

“ఇది తెల్లకాళ్ళ అమ్మమ్మ గది. గీత తొక్కకు, గుమ్మంలోంచి రా.”

“ఎవరే ఆ అమ్మమ్మ? ఏదీ?”

“మనింటికి వెళ్ళింది.”

మట్టి మీద తెల్లటి అడుగులు. చిన్నవి, చెప్పుల్లేనివి. ఎడమకాలు ఈడ్చినట్టు పక్కనే ఒక గీత. పాపను చంకనెత్తుకుని వాటి వెంట నడిచింది. అడుగులు తిన్నగా ఆమె గుమ్మం ముందుకే వచ్చి ఆగాయి. రెండు పాదాలూ జంటగా, లోపలికి చూస్తూ చాలాసేపు నిలబడ్డట్టు. అక్కణ్ణుంచి పక్క సందులోకి మళ్ళి, అధ్యక్షుడి పెరటి తలుపు కింద మాయమయ్యాయి.

తలుపు తోసింది. కిటికీ లేని గది. గోడవారగా మంచం మీద ఎముకల గూడులాంటి ముసలావిడ, చేతిలో చెంచా. అరికాళ్ళు తెల్లగా ఉన్నాయి.

“పాప దొరికిందా తల్లీ? అందరూ పడుకున్నాక ఆ గీతలు చూద్దామని వెళ్తే అక్కడ కనిపించింది, నీకు చెబుదామని నీ గుమ్మం దాకా వచ్చా. నన్ను చూసి జడుసుకుంటావని వెనక్కి వచ్చేశా.” ఆవిడ చెంచాతో గోడ మీద మూడుసార్లు తట్టింది. “నీ మిషను చప్పుడే నాకు తోడు. ఆపితే ఇలా పిలుస్తాను. అబ్బాయి చెబుతుంటే విన్నా, అక్కడేదో కడతారట కదా. ఆ మూలగది నాకు. కిటికీ వీధివైపు వస్తుంది. మనుషులు కనపడతారు.”

నిద్రకళ్ళతో వచ్చిన అధ్యక్షుడు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

“మా అమ్మ... చెల్లెలి దగ్గరుందని అందరికీ చెప్పాం. కాలు పడిపోయింది, మనిషి ఇలా అయిపోయింది. పిల్లలు చూసి జడుసుకుంటారని...”

“నా పిల్ల జడుసుకోలేదు బాబాయిగారూ. నాలుగేళ్ళుగా జడుసుకున్నది నేను.”

ఆమె కొంగు తడిపి ఆ పాదాలు తుడిచింది. ఇంటికి వెళ్ళి కాగితం తెచ్చి, సంతకం లేకుండానే ఆయన చేతిలో పెట్టింది.

“ముసలివాళ్ళు మన వీధికి కొత్తగా ఏం రావడం లేదు. మన గోడల వెనకే ఉన్నారు. వాళ్ళకి కిటికీ వద్దని ఇవాళ నేను రాసిస్తే, రేపు నా చెంచా చప్పుడు ఎవరు వింటారు?”

అమ్మా, అయ్యా, అలాంటి కాగితం మీ గుమ్మంలోకీ రావచ్చు. సంతకం పెట్టేముందు ఒక్కసారి పక్కింటి గోడకు చెవి ఆనించి వినండి.