మూరకొకటి

మా బావ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంట్లో అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఈ ఫ్యాక్టరీలో కరెంటు పని కాంట్రాక్టు ఆయనది, ఆ పనిని తనిఖీ చేసే ఇంజనీరుని నేను.

మణికట్టంత లావు కేబుళ్ళు మూడు, ఒక్క కట్టగా గోడ వెంట పోతాయి. వాటిని గోడకు పట్టి ఉంచేవి క్లీట్లు. స్టీలువి, మూరకొకటి చొప్పున వెయ్యాలని డ్రాయింగులో ఉంది. బావ ప్లాస్టిక్‌వి తెచ్చి బారకొకటి బిగించాడు.

"ఎంత శుభ్రంగా ఉందో చూడు మరదలా! కేబులు ఎక్కడైనా జారిందా?"

"జారడం గురించి కాదు బావా. షార్టయిందంటే ఈ మూడూ ఆస్తి పంచుకునే అన్నదమ్ముల్లా తన్నుకుంటాయి. నీ ప్లాస్టిక్ ముక్కలై మొహాన కొడుతుంది."

"షార్టయితే కదా!"

మేనేజరుకు తొందర. ఆయనా బావకే తలూపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు, క్లీట్లు బిగించినవాడు ఆ కేబుళ్ళ పక్కనే స్టూలు వేసుకుని కూర్చోవాలి. ఎవరు పెట్టారో గానీ పిచ్చి ఆనవాయితీ. బావ మాత్రం మహారాజులా కూర్చున్నాడు. అప్పుడే అక్క ఇంకో స్టూలు పట్టుకుని వచ్చింది. ఫోన్ చేసి పిలిచింది నేనే.

"నువ్వెందుకొచ్చావ్?"

"మీ పని నేనెప్పుడూ చూడలేదు కదండీ. చెల్లి చూపిస్తానంది." అక్క ఆయన పక్కనే తాపీగా కూర్చుంది.

ఆ ప్లాస్టిక్ పక్కన అక్క ఉండగా నేను స్విచ్ వేస్తే కదా! ఆ సంగతి బావకు తెలియదు. అక్క తల పక్కనున్న ప్లాస్టిక్ క్లీటును చూశాడు. దాని తర్వాతది ఎంత దూరాన ఉందో చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"వెయ్యకు," అన్నాడు మెల్లగా. లేచి డ్రిల్లు అందుకున్నాడు. అంతసేపూ పళ్ళు నూరిన నాకే ఆయన మీద జాలేసింది, ముద్దూ వచ్చింది.

మళ్ళీ ఇద్దరూ స్టూళ్ళెక్కేసరికి గోడ వెంట స్టీలు క్లీట్లున్నాయి, మూరకొకటి. స్విచ్ వేశాను. అవతల ఏదో జాయింటులో తేడా ఉన్నట్టుంది, షార్టయి ఢామ్మంది! కేబుళ్ళు ఒక్క ఉదుటున గింజుకున్నాయి. క్లీట్లది ఉడుము పట్టు, ఒక్కటీ వదల్లేదు. బ్రేకరు పడిపోయి కరెంటు ఆగిపోయింది.

"ఇంతేనా?" అంది అక్క. "దీనికా రోజూ ఇంటికి ఆలస్యంగా వచ్చారు?"

బావ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. స్టూళ్ళు లోపల పెట్టాలి, వదలండి అని ఆమె రెండుసార్లు చెప్పినా వదల్లేదు.