గొడ్లపాక ముందు పావుకోళ్ళు

సాతారా వైపు కృష్ణ ఒడ్డున ఉన్న దత్త మందిరంలోంచి మధ్యాహ్న హారతి కాగానే పావుకోళ్ళు మాధుకరానికి బయల్దేరతాయి. ఊళ్ళు తిరిగే అవధూత స్వామి ఒకరు ఓ వానాకాలం అక్కడ తలదాచుకుని, పోతూ పోతూ వాటిని వదిలి వెళ్ళాడు. ఆయన పోయినా వాటికి భిక్ష అలవాటు పోలేదు. టకటకమంటూ మెట్లు దిగి వీధిన పడతాయి. వెనకాల జోలె పట్టుకుని గుడి సేవకుడు సఖారాం నడుస్తాడు. అవి ఏ గుమ్మం ముందు ఆగితే ఆ ఇల్లాలు రొట్టె వేస్తుంది.

ఆ రోజు అవి ఏ గుమ్మం ముందూ ఆగలేదు. నేతి రొట్టెలతో గుమ్మంలో నిలబడ్డ ఇనామ్‌దారు భార్య గోదూబాయిని దాటి, సందులోంచి ఆమె పెరట్లోకి పోయి, గొడ్లపాక ముందు ఆగాయి. తలుపుకు తాళం ఉంది.

“దారి తప్పాయిరా సఖ్యా, ఇటు తీసుకురా” అంది గోదూబాయి.

“స్వామి పావుకోళ్ళు, నేను ముట్టుకోకూడదు కదా కాకూ.”

“అక్కడ భిక్ష వేసేదెవరు? గేదెలా?”

సఖారాం తాళం వంక చూశాడు. కొడుకు చనిపోయాక కోడలు చంద్రభాగ పుట్టింటికి వెళ్ళిపోయిందని గోదూబాయి చెప్పింది. ఊరు సరేనంది. పాకలోంచి దగ్గు వినబడితే దూడకు జబ్బు చేసిందనుకుంది. సఖారామూ అలాగే అనుకున్నాడు. ఇనామ్‌దారు పొలం కౌలుకు చేసేవాడు మరేమనుకుంటాడు?

పొద్దు వాలినా పావుకోళ్ళు కదల్లేదు. పూజారి వామన్‌భట్ వచ్చాడు. వెనకే ఊరూ వచ్చింది.

“వదినా, తాళం తియ్యండి.”

“అది నా కొడుకును పొట్టన పెట్టుకుంది. బయటికొస్తే ఊరికే అరిష్టం.”

“ఊరంతా ఇక్కడే ఉంది. కానివ్వండి, హారతి వేళ దాటిపోతోంది.”

ఆయన గొంతులో జాలి లేదు, విసుగే ఉంది. గోదూబాయి కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

చంద్రభాగ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. జుట్టు అట్టలు కట్టింది. పాదాల నిండా పుళ్ళు. ఎవరూ ఎదురెళ్ళలేదు. పావుకోళ్ళను చూసి ఆమె లోపలికి వెళ్ళి, బూజు పట్టిన సగం రొట్టె తెచ్చి జోలెలో వేసింది.

“ఇదొక్కటే ఉంది సఖారాందాదా.”

పావుకోళ్ళు వెనక్కి తిరిగి, మడమలు ఆమె వైపు పెట్టి పక్కపక్కన నిలిచాయి. ఆమె గోడ వదిలి, తొడుక్కుంది.

“అవి స్వామివమ్మా. గుళ్ళోకొచ్చి విప్పు” అన్నాడు వామన్‌భట్.

“నడిచేది అవే, భట్‌జీ. నా కాళ్ళలో సత్తువ లేదు.”

అవి గుడి వైపు తిరగలేదు. రేవులో దిగి, మోకాలి లోతు నీళ్ళు దాటి, అవతలి గట్టెక్కాయి. ఆమె గానీ అవి గానీ మళ్ళీ ఊళ్ళో కనబడలేదు.

ఆ సాయంత్రం పావుకోళ్ళు లేని ఖాళీ పీఠానికే హారతిచ్చారు. జోలెలో పడ్డదేదైనా ప్రసాదమే, అది అక్కడి ఆనవాయితీ. సఖారాం ఆ సగం రొట్టెనే నలిపి చిటికెడు చిటికెడు పంచాడు. అందరూ తలొంచుకుని నోట్లో వేసుకున్నారు. గోదూబాయీ చెయ్యి చాపింది. ఆ చేదు నాలుక మీద పెట్టుకుని, ప్రసాదం ఉమ్మకూడదు గనక ఉమ్మలేక, మింగలేక, దీపాలు ఆరేదాకా అలాగే నిలబడిపోయింది.