తింగా నోరు

కోడలు తలాతో తన మామగారి టోపీ నెత్తిన పెట్టుకుని, ఆయన చేతికర్ర పట్టుకుని గుడిసెలోంచి బయటికొచ్చింది. వచ్చి ఒక్క దగ్గు దగ్గింది. అంతే, వాకిట్లో జొన్నసారా తాగుతున్న ఆడవాళ్ల చేతుల్లో సొరకాయ బుర్రలు గాల్లోనే ఆగిపోయాయి. తింగా ముసలాయన గోరీ మీద మట్టి ఇంకా తడారలేదు. ఆ దగ్గు మాత్రం అచ్చంగా ఆయనదే.

"అమ్మో, గుండె జారిపోయిందే తల్లీ!" అంది పొరుగింటి కిబ్సా. అప్పుడు గానీ జనానికి నవ్వు రాలేదు.

మోసీ తెగవాళ్ల ఇళ్లలో పెద్దాయన పోతే ఒక కోడలు ఆయన బట్టలు తొడుక్కుని ఆయనలా నడవాలి, ఆయనలా మాట్లాడాలి. దినాలు తీరేదాకా ఆమే ఆయన. కొడుకులు నాన్నా అంటారు, ముసలమ్మ మొగుడా అని ఎకసెక్కాలాడుతుంది. ఏ కోడలైనా కాస్త కుంటుతూ నడిచి, నాలుగు తిట్లు తిట్టి, నవ్వించి ఊరుకుంటుంది. తలాతో సంగతి వేరు. ఈ పిల్ల రాజధాని వాగడూగులో ఒక పక్క నాటకం, ఒక పక్క సొంత భాష మోరే చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడల్లా మామగారి పక్కన చేరి, ఆయన మాటలు ఫోనులో పట్టుకుని, ఆ పాత యాస ఎక్కడ సాగుతుందో ఎక్కడ విరుగుతుందో వినీ వినీ నోటికి తెచ్చుకుంది. "నా కోడలు నా నోరు దొంగిలిస్తోందర్రా" అని ఆయనే మురిసిపోయేవాడు.

"ఏమయ్యా, చచ్చినా స్నానం చెయ్యవా? ఆ చొక్కా కంపు ముక్కు బద్దలు కొడుతోంది," అంది అత్త పోకో.

"నువ్వు వండిన సంకటి తినే కదే చచ్చాను. ఇంకా నా మీద పడతావేం?"

వాకిలంతా పగలబడి నవ్వింది. తలాతోకి ఒళ్లు తేలిపోతోంది. ఏ నాటకంలోనూ ఆమెకి ఇంత మంచి ప్రేక్షకులు దొరకలేదు.

సరిగ్గా అప్పుడే దడి దగ్గర నవ్వులు ఆగిపోయాయి. చెప్పులు విడిచి, తల వంచుకుని, రావ్గో నిలబడి ఉన్నాడు. ఆ ఇంటి పెద్ద కొడుకు. తండ్రి గోరీ మీద సారా పోయాల్సింది అతనే, అయినా వస్తాడని ఎవరూ అనుకోలేదు. వెనకెప్పుడో బంగారు గనులకి పోతూ యాంబా అనే తమ్ముణ్ని వెంటబెట్టుకెళ్లాడు. గొయ్యి కూలింది. రావ్గో ఒక్కడే తమ్ముడి చొక్కా పట్టుకుని ఇంటికొచ్చాడు. "నా నోరు బతికున్నంత కాలం ఈ వాకిట్లో అడుగుపెట్టకు" అన్నాడు తింగా. కొడుకు ఆ మాట జవదాటలేదు. ఇప్పుడా నోరు మూతపడిందని విని, ఇకనైనా తనకి ఇల్లు ఉంటుందన్న ఆశతో వచ్చాడు.

దారి తప్పావేంట్రా అని ఏదో వేళాకోళం ఆడి అతన్ని లోపలికి లాగేద్దామనే తలాతో అనుకుంది. కానీ ఆ సంగతి మామగారు ఒకసారి ఆమెకి చెప్పాడు, కన్ను తడవకుండా, గొంతు వణకకుండా. ఆ గొంతే ఆమె నోట్లో కూర్చుని ఉంది.

"ఎవడ్రా నిన్ను రమ్మంది? నా నోరింకా బతికే ఉంది."

ఒక్కరూ నవ్వలేదు. తలాతోకే నమ్మకం కుదరలేదు. తనేనా ఆ మాట అన్నది?

"తలాతో! మతి పోయిందా నీకు?" అని ఆమె భర్త కూకా అరిచాడు.

"తలాతో ఎక్కడుందిరా ఇక్కడ?" అన్నాడు తింగా తమ్ముడు నోఆగా. "అన్నది మీ నాన్న. ఆ టోపీ ఉన్నంతసేపూ ఆయన మాటే."

"సరే నాన్నా," అన్నాడు రావ్గో. వంగి చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు.

ఆ సరే నాన్నా వినేసరికి తలాతోకి తన మీద తనకే అసహ్యం వేసింది. టోపీ విసిరికొట్టి, నేనన్నాను బావగారూ, తప్పు నాది అని అరవాలనిపించింది. దినాలు తీరకుండా ఆ టోపీ తియ్యడమంటే చచ్చినవాడి తల తియ్యడమే. చెయ్యి పైకి లేవలేదు.

"ఆగరా!" అంటూ పోకో చాప మీంచి లేచింది. కొడుకు వైపు పోలేదు, తిన్నగా కోడలి ఎదటికొచ్చి నిలబడింది. "ఏమయ్యా, నువ్వు బతికున్నన్నాళ్లూ నోరు కుట్టేసుకుని పడున్నాను. ఒక కొడుకుని గొయ్యి మింగింది, ఇంకో కొడుకుని నువ్వు మింగావు. ఇవాళ నన్నేం చేస్తావు? కర్రెత్తుతావా? ఎత్తు చూద్దాం!"

తలాతో చేతిలోని కర్ర దించేసింది.

"మన్నించానని చెప్పు వాడికి," అంది పోకో.

తలాతో గుర్తున్నంతలో గాలించింది. ఎద్దుల పేర్లున్నాయి, వానల మీద తిట్లున్నాయి, పెళ్లిళ్ల కబుర్లున్నాయి. ఆ మాట మాత్రం ఆయన నోట ఏనాడూ వినలేదు. ఆయన అనే ఉంటే ఎలా అనేవాడు? ముందు దగ్గేవాడు. చూపు నేల మీదికి దించేవాడు. ఊడిన పంటి సందులోంచి గాలి పోయేది.

దగ్గింది. "రావ్గో... మన్నించాన్రా. లోపలికి రా."

అన్నే ఎదుట నిలబడ్డట్టు నోఆగా చటుక్కున తన టోపీ తీసేశాడు. కిబ్సా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రావ్గో ఉన్నచోటే కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. కూకా పరుగున పోయి, వచ్చినవాళ్లకిచ్చే పిండినీళ్లు బుర్రలో తెచ్చి అన్న చేతికిచ్చాడు.

పోకో వాళ్లవైపు చూడనే లేదు. ఆమె చూపు కోడలి మొహం మీదే ఉంది. ఇంకా దగ్గరికొచ్చి, పక్కకి ఒరిగిన టోపీ సరిచేసింది. ఇందాకటి ఎకసెక్కం ఇప్పుడామె గొంతులో లేదు.

"నాతో కూడా ఒకమాట అనవయ్యా," అంది. "నన్ను మన్నించవే పోకో అని. ఒక్కసారి."

తలాతో నోరు తెరిచింది. ఆ మాట ఆ గొంతులో ఎలా పలుకుతుందో ఎంత వెతికినా దొరకలేదు. దగ్గు కూడా రాలేదు.