సందు లేని సంచి

రవీందర్ దగ్గర పాతకాలం పెద్ద కెమెరా ఉంది. చూస్తే చెక్కపెట్టె లెక్కనే ఉంటది, ముందర లెన్సు, వెనక బొమ్మ కనపడే గాజుపలక. తెల్లారితే బోధన్ అవతల చెరుకు కోతల ఫొటోలు తియ్యాలె. గాజు పగలకుండ మోసుకపోవాలె కద. నిజామాబాద్ బజార్ల వీపుకు తగిలించుకునే బ్యాగు చూసిండు, గట్టి ప్లాస్టిక్ పెట్టె చూసిండు. ముందుముందు ఇంకో లెన్సు కొన్నా పడుతదని పెద్దపెట్టెనే తెచ్చిండు.

సామానంత సర్ది, చాట ముందర బీడీలు చుడుతున్న అక్క ధనలక్ష్మి పక్కన పెట్టిండు.

"మీద నిలబడ్డా ఏం కాదక్కా."

ధనలక్ష్మి పెట్టెకు చెవి ఆనించి మెల్లగ ఊపింది. లోపల టకటకమన్నది.

"గింత జాగ ఎందుకు ఇడిసిపెట్టినవ్ తమ్మీ? కట్టల నడుమ సందుంటే బీడీలు ఇరుగుతయ్. కార్ఖానల ఏరి పారేస్తరు. ఇరవై ఏండ్ల సంది సూస్తున్న."

రవీందర్‌కు చిర్రెత్తింది. బీడీలకూ కెమెరాకూ పోలికేంది అనుకున్నడు. కని ఆ చప్పుడు తన చెవుల కూడ పడ్డది.

సాయంత్రం పోయి పెట్టె ఇచ్చేసి బ్యాగు తెచ్చుకున్నడు. ఫొటో తీసేటప్పుడు తలమీద కప్పుకునే నల్లగుడ్డల గాజును చుట్టిండు. మిగిలిన సందులల్ల అక్క పాతచీర ముక్కలు కుక్కి, బ్యాగు ఆమె చేతికిచ్చిండు.

ఆమె చెవి దగ్గర పెట్టుకొని చానసేపు ఊపింది.

"పో తమ్మీ. దీన్ని కార్ఖానోళ్లు సుత ఏరి పారెయ్యరు," అని చాట ఒళ్లెకు గుంజుకున్నది.